25 మిల్లీమీటర్ల హెచ్చరిక

37 వారాలు నిండకముందే కాన్పయ్యే ముప్పును స్కాన్‌లో ఎలా పసిగడతారా అని చదివితే, నాకు ఆశ్చర్యమేసింది. కొలిచేది బిడ్డను కాదు, గర్భాశయ ముఖద్వారం (సర్విక్స్) పొడవును! సూత్రం మనకు తెలిసిందే: శరీరంలో శబ్దవేగం సెకనుకు దాదాపు 1540 మీటర్లు, ప్రతిధ్వని తిరిగొచ్చిన టైమ్‌ని బట్టి దూరం తేలుతుంది.

పొట్ట మీంచి కంటే యోని ద్వారా చేసే స్కాన్‌లో ఈ కొలత కచ్చితంగా వస్తుంది. ఐదో నెలలో, అంటే టిఫా స్కాన్ రోజుల్లో, అది 25 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే ముప్పు ఎక్కువ. అలాగని కాన్పు ముందే అయిపోతుందని కాదు. చాలామందికి నెలలు నిండాకే అవుతుంది. కానీ ప్రొజెస్టిరాన్ ఇవ్వడానికో, కొందరికి కుట్టు వేయడానికో డాక్టర్‌కి వ్యవధి దొరుకుతుంది. అందుకే ఇంట్లో అక్కో వదినో గర్భంతో ఉంటే, ఆ కొలత తీశారా అని డాక్టర్‌ని అడగమనండి.