సాక్షి వస్తేనే పరిహారం



హిందూపురం పారిశ్రామికవాడలో షెడ్డు కప్పు వేస్తూ ఒకరు, పెనుకొండ దగ్గర భవనం పనిలో ఒకరు, ధర్మవరంలో మూటలు దించుతూ ఒకరు ప్రమాదం పాలైతే మేము ముందుగా ఆ ఇంటికి బియ్యం, మందులు చేరుస్తాం. కాని చట్టం ఆ కుటుంబానికి ఇచ్చిన హక్కు మన సాయం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. సాక్షి ముందుకు రాకపోతే అది చేజారిపోతుంది.

ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923 నాటిది, 2025 దాకా అమల్లో ఉండేది. పనిలో, పని కారణంగా మరణం సంభవిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. 40 ఏళ్ల మనిషికి జీతం 12,000 అనుకుంటే, 6,000ను 184.17తో హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. ఈఎస్ఐ వర్తించే కార్మికులకు మాత్రం ఈ దావా ఉండదు, వారికి ఈఎస్ఐ నుంచే రావాలి.

యజమాని "అతను మా దగ్గర పని చేయలేదు" అన్నాడనుకోండి. హాజరు పట్టీ లేని పనుల్లో తోటి కూలీ మాటే ఆధారం. దావా విచారించే అధికారికి ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోవడంలో, సాక్షులను, కాగితాలను రప్పించడంలో సివిల్ కోర్టు అధికారాలున్నాయి. సమన్లు అందినా సరైన కారణం లేకుండా రాని సాక్షిపై వారెంటు, ఆస్తి జప్తు, జరిమానా ఉండవచ్చు. అయితే సాక్షి రాకపోకల ఖర్చును పిలిపించిన పక్షమే ముందుగా కట్టాలి. బీద కుటుంబం ఆగిపోయేది ఇక్కడే.

వాదించడానికి వకీలు గాని, రిజిస్టరైన కార్మిక సంఘం ప్రతినిధి గాని హాజరు కావచ్చు. కాని సాక్ష్యం చెప్పాల్సిన రోజున బాధితుడు స్వయంగా రావాలి. సాక్షులు చెప్పినదాని సారాంశాన్ని అధికారి రాసుకుంటారు. డాక్టరు సాక్ష్యాన్ని మాత్రం వీలైనంతవరకు మాట మాటగా రాయాలి. కనుక ఆస్పత్రి చీటీ, చేర్చిన తేదీ, గాయం వివరం మొదటి రోజు నుంచే భద్రపరచాలి. దావాకు గడువు రెండేళ్లు.

తోటి కూలీ భయపడేది అబద్ధానికి కాదు, ఒక రోజు కూలి పోతుందని, రేపు పని ఇవ్వరని. పిలిచినప్పుడు సాక్షులు నిరాకరించరాదని, సాక్ష్యాన్ని దాచరాదని సూరా బఖరా మనకు నేర్పుతుంది. ఆ బాధ్యతను బీదవాడు ఒక్కడే మోయకూడదు కదా!

అందుకే మీ సదఖాలో కొంత సాక్షుల బస్సు ఛార్జీకి, పోయిన రోజు కూలికి కేటాయించమని కోరుతున్నాం. సాక్షి ఏం చెప్పాలో మేము నేర్పం. చూసింది చూసినట్టు చెప్పడానికి దారి ఖర్చు ఇస్తాం, తోడు వెళ్తాం. కొన్ని వందల రూపాయలతో ఒక ఇంటి పిల్లల చదువు నిలబడవచ్చు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.