సున్నం సరే, గోడ మీది అంబేడ్కర్ ఫొటో ఏం చేయాలి?

పొదిలిలో ఇళ్ల బేరాలు ఎక్కువగా ఎండాకాలంలోనే కదులుతాయి. పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోయి, మిర్చి డబ్బులు కూడా చేతికొచ్చాక కొనేవాళ్లు తిరగడం మొదలుపెడతారు. ఆషాఢం వస్తే మళ్లీ ఎవరూ తొంగిచూడరు. అలాంటి ఒక ఎండాకాలంలో ఎస్సీ కాలనీలో ఒక అక్క ఇల్లు అమ్మకానికి పెట్టింది. భర్త పోయాడు. కౌలు సేద్యం అప్పు మిగిలింది. కొడుకు ఒంగోలులో పని చూసుకున్నాడు. రెండు గదుల స్లాబ్ ఇల్లు, ముందు రేకుల వసారా. మేము వెళ్లిన రోజే బ్రోకర్ కూడా వచ్చాడు.

అతను గోడలన్నీ తిరిగి చూశాడు. "సున్నం కొట్టించండమ్మా. వసారాలో ఆ కట్టెలు తీయించండి. బాత్‌రూం తలుపు మార్పించండి" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. వెళ్లబోతూ గొంతు తగ్గించి, "ఆ ఫొటో కూడా తీసేస్తే మంచిది. గుమ్మం మీద శిలువ గుర్తు కూడా. బయటోళ్లు వస్తే రేటు ఇంకోలా పలుకుద్ది" అన్నాడు. ఫొటో అంటే హాల్లో గోడ మీదున్న అంబేడ్కర్ ఫొటో.

అక్క మా వైపు చూసింది. ఏం చెప్పాలో మాకూ అప్పటికప్పుడు తోచలేదు. ఈ వ్యాసం ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే. మన కాలనీల్లో ఇల్లు అమ్ముకునే కుటుంబాలు సలహా కోసం ముందుగా వచ్చేది కార్యకర్తల దగ్గరికీ, చదువుకున్న పిల్లల దగ్గరికీ కాబట్టి ఇది తెలిసి ఉండాలి.

ఇల్లు అమ్మే ముందు దాన్ని ముస్తాబు చేయడం అమెరికాలో ఒక వృత్తి. దాన్ని హోమ్ స్టేజింగ్ అంటారు. అందులో మొదటి సూత్రం, సొంతవాళ్ల ఫొటోలు, పూజా సామగ్రి, ఇష్టమైన బొమ్మలు తీసేయడం. చూడవచ్చినవాళ్లు ఆ ఇంట్లో తమను తాము ఊహించుకోవాలట. వినడానికి ఇది అందరికీ వర్తించే సలహాలాగే ఉంటుంది. కానీ కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మారిన్ సిటీలో 2020లో ఏం జరిగిందో చూడండి. ఒక నల్లజాతి దంపతులు తమ ఇంటికి విలువ కట్టించారు. 9,95,000 డాలర్లు అన్నారు. వాళ్లకు అనుమానం వచ్చింది. ఇంట్లోని కుటుంబ ఫొటోలు, ఆఫ్రికన్ బొమ్మలు తీసేసి, ఒక తెల్లజాతి స్నేహితురాలిని ఇంటి యజమానిలా నిలబెట్టి మళ్లీ విలువ కట్టించారు. ఈసారి 14,82,500 డాలర్లు. అదే ఇల్లు, అదే గోడలు, కొన్ని వారాల తేడా. వాళ్లు కోర్టుకెళ్లారు. 2023లో కేసు రాజీతో ముగిసింది.

వాళ్లకు కోర్టుకు వెళ్లే దారి ఉంది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం అక్కడ 1968 నుంచే ఉంది. చేతిలో రెండు విలువలూ కాగితం మీద ఉన్నాయి. మన దగ్గర రేటు టీ బంకు దగ్గర తేలుతుంది. ఎందుకు తగ్గిందో ఎవరూ రాసివ్వరు. పైగా 2005లో జొరాష్ట్రియన్ సహకార గృహ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్తులకే పరిమితం చేసుకోవడం తప్పు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. "మా వాళ్లకే అమ్ముతాం" అనేవాళ్లకు అది బలమే ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణలను నేరాలుగా చేర్చింది. ఊరంతా కట్టుబాటు పెట్టి మన ఇల్లు ఎవరూ కొనకూడదంటే ఆ చట్టం పనికొస్తుంది. ఒక్కడు వచ్చి చూసి, రేటు తగ్గించి అడిగి పోతే పట్టుకోవడం కష్టం.

ఫొటో సంగతికి వస్తాం. బ్రోకర్ చెప్పిన సలహాలో పెద్ద లోపం ఒకటుంది. కాలనీలో ఇంటికి ఫొటో తీసినా దాచిపెట్టేదేమీ లేదు. "ఏ బజారులో ఇల్లు?" అన్న మొదటి ప్రశ్నకే జవాబు దొరికిపోతుంది. ఊరికి ఒక పక్కన వాడ కట్టించిన ప్రభుత్వాలు, పత్రాల మీద ఆ పేరే రాసిన ఆఫీసులు ఆ పని ఎప్పుడో చేసేశాయి. కాబట్టి కాలనీ ఇంట్లో అంబేడ్కర్ ఫొటో తీస్తే రేటు పైసా పెరగదు. ఊరి మధ్యలో, అన్ని కులాలవాళ్లూ ఉన్న బజారులో మనవాళ్ల ఇల్లు అమ్ముడుపోతుంటే, కొనేవాడు బయటి ఊరివాడైతే, అప్పుడు ఫొటో తీయడం వల్ల తేడా రావచ్చు. అది కూడా "మీరేమిట్లు?" అని అడిగేదాకానే.

తీసినవాళ్లను మేము తప్పుపట్టం. 1917లో అమెరికా చదువు ముగించుకుని, లండన్ చదువు మధ్యలోనే ఆపి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్‌కే తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు. పార్శీ పేరు రాయించి పార్శీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి బయటికి పంపించారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. అప్పు తీర్చాల్సిన ఇంటివాళ్లను గోడ మీద ఫొటోతో పరీక్ష పెట్టకూడదు. అయితే ఆ ఫొటో తీయించే సలహా ఇచ్చేవాడు, దానివల్ల ఎవరికి ఎంత లాభమో కూడా చెప్పాలి.

మరి రేటు దేనివల్ల పెరుగుతుంది? కాలనీ ఇల్లు కొనేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. టీచరు, ఆర్టీసీ కండక్టరు, నర్సు, ప్రైవేటులో జీతం వచ్చే కుర్రాడు. వాళ్ల దగ్గర మొత్తం నగదు ఉండదు. బ్యాంకు లోను వస్తేనే కొనగలరు. పత్రాలు సరిగా లేని ఇంటికి బ్యాంకు లోను ఇవ్వదు. అప్పుడు మిగిలేది నగదు చేతిలో ఉన్న ఒకరిద్దరు. వాళ్లు అడిగిందే రేటు. మన ఇళ్లు సగం ధరకు పోవడానికి కులం ఎంత కారణమో, కాగితం కూడా అంతే కారణం. ఆ కాగితం అలా ఉండటానికి కారణం మళ్లీ కులమే అనుకోండి.

అక్క ఇంటి విషయంలో మేము చేయించిన మొదటి పని అది ఏ రకం స్థలమో తేల్చడం. మన కాలనీల్లో చాలా ఇళ్లు డి-ఫారం పట్టా స్థలాల్లో ఉంటాయి. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని అమ్మడం, కొనడం 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం చెల్లదు. కొన్నవాడికి హక్కు రాదు. ప్రభుత్వం ఆ భూమిని స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇవ్వొచ్చు, లేదా తానే ఉంచుకోవచ్చు. ఈ చట్టం పేదవాడి భూమిని కాపాడటానికి వచ్చింది. దాని అవసరం ఇప్పటికీ ఉందనే మేమంటాం. అయితే ఇంటి స్థలాల విషయంలో ఆంధ్రప్రదేశ్ దీన్ని సడలించింది. 2019 సవరణతో పట్టా ఇచ్చిన 20 ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చన్నారు. 2021లో ఆ గడువును 10 ఏళ్లకు తగ్గించారు. ఈ సంగతి తెలియక, 30 ఏళ్ల కిందటి పట్టా ఉన్నవాళ్లు కూడా ఇప్పటికీ సాదా కాగితం మీద, నోటరీ మీద తక్కువకు అమ్మేస్తున్నారు. సాగు భూములది వేరే కథ. 2023లో 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులన్నారు. 2024లో ప్రభుత్వం మారాక పరిశీలన పేరుతో వాటి రిజిస్ట్రేషన్లు ఆపారు. ఇంటి స్థలం గురించి అడిగినప్పుడు ఆఫీసులో ఎవరైనా ఈ రెండింటినీ కలిపి "ఆగిపోయాయి" అంటే, ఏ చట్టం, ఏ సవరణ అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పదేళ్లు దాటినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయిపోదు. ఆ సర్వే నంబరు ఇంకా 22-ఎ నిషేధిత జాబితాలో ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఉంటే పట్టా నకలు, ఇచ్చిన తేదీ, ఇంటి పన్ను రశీదులు పెట్టి తహసీల్దారుకు అర్జీ ఇవ్వాలి. నెలలు పడుతుంది. అందుకే సున్నం కొట్టించే ముందే ఈ అర్జీ పడాలి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే వేదికలో కూడా ఇచ్చి రశీదు దాచుకోవాలి.

హౌసింగ్ కార్పొరేషన్ లోనుతో కట్టిన ఇల్లయితే ఇంకో ముడి. పత్రాలు తాకట్టులో ఉంటాయి. 2021లో వచ్చిన సంపూర్ణ గృహ హక్కు పథకంలో గ్రామాల్లో రూ.10 వేలు, మున్సిపాలిటీల్లో రూ.15 వేలు, కార్పొరేషన్లలో రూ.20 వేలు కట్టినవాళ్లకు రిజిస్టర్డ్ పత్రాలు వచ్చాయి. అప్పట్లో "పాత అప్పు వసూలు చేస్తున్నారు" అని చాలామంది కట్టలేదు. ఆ కోపంలో న్యాయముంది. కానీ ఆ రోజు కట్టి పత్రం తెచ్చుకున్న ఇంటికి ఇవాళ లోను వస్తుంది. కట్టనివాళ్లు హౌసింగ్ ఆఫీసుకెళ్లి ఖాతా సంగతి తేల్చుకోవాల్సిందే. గ్రామకంఠంలో తాతల నాటి ఇళ్లకు పన్ను రశీదు, కరెంటు బిల్లు తప్ప మరేమీ ఉండవు. అవన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాది వరసగా పెట్టుకుంటే హక్కు చూపించుకోవడానికి ఆధారమవుతాయి. జీపీఏ రాసి అమ్మేస్తామనే మాట మాత్రం నమ్మకండి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

అక్క ఇంటి పట్టా భర్త పేరున ఉంది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీయించాల్సి వచ్చింది. పెళ్లయి వెళ్లిన కూతురి సంతకం ఎందుకని కొడుకు అడిగాడు. ఆమెకూ వాటా ఉంది కాబట్టి అని చెప్పాం. కొంచెం గొడవయింది. కులం గురించి గంటలు మాట్లాడే మనం, ఇంట్లో ఆడపిల్ల వాటా దగ్గర ఎందుకు తడబడతామో అర్థం కాదు. ఆమె సంతకం లేకపోతే బ్యాంకు లాయరు అక్కడే ఆపేస్తాడు, అది వేరే విషయం.

ఇక ఇంటి పని. ఇందులో బ్రోకర్ చెప్పింది చాలావరకు నిజమే. గోడ కింది భాగంలో ఉప్పు పట్టి పెచ్చులూడిన చోట గీకించి, సిమెంటు పూయించి, ఆరనిచ్చాకే సున్నం వేయాలి. తడి మీద వేస్తే నెలలో మళ్లీ ఊడుతుంది, చూడవచ్చినవాడు వేలు పెట్టేది అక్కడే. పడమటి ప్రకాశంలో కొనేవాళ్లు రంగు కంటే ముందు నీళ్లు చూస్తారు. ఫ్లోరైడ్, నీటి ఎద్దడి అందరికీ తెలిసినవే. కుళాయి కనెక్షన్ రశీదు, పనిచేసే ట్యాంకు ఉంటే దాన్ని ముందు చూపించండి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఎస్సీ కుటుంబానికి వచ్చే 200 యూనిట్ల రాయితీ ఇంటితోపాటు కొన్నవాడికి పోదు. పేరు మార్చకపోతే తర్వాత తగాదా. మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాలు తాళం వేసి పోతే ఇల్లు పాడుబడినట్టు కనిపిస్తుంది. బంధువుల్లో ఒకరికి తాళం ఇచ్చి, వారానికోసారి ఊడ్పించండి.

కాలనీ ఇంటి విలువలో పెద్ద భాగం ఇంటి బయట ఉంది. గుమ్మం ముందు మురుగు నిలిస్తే లోపల ఎంత తెల్లగా ఉన్నా లాభం లేదు. రోడ్డు, కాలువ నగర పంచాయతీ పని. ఎస్సీ ఉప ప్రణాళికకు 2013 నుంచి చట్టమే ఉంది. అమ్ముకుని వెళ్లిపోయే ఇంటివాళ్లు దాని కోసం తిరగలేరు. అది సంఘం చేయాల్సిన పని. ఒక కాలువ పడితే వీధిలో ఇరవై ఇళ్ల రేటు కదులుతుంది.

బేరం కుదిరాక బయానా దగ్గర జాగ్రత్త. రూ.20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి విలువలో 7.5 శాతం. మామూలుగా కొనేవాడే భరిస్తాడు. అగ్రిమెంటులో అది రాయించకపోతే చివరి రోజు "సగం మీరే పెట్టుకోండి" అంటారు. మొత్తం డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం.

అక్క ఇల్లు అమ్మకానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో ఏడు నెలలు కాగితాలకే. మొదట బ్రోకర్ తెచ్చిన నగదు బేరం కంటే మంచి రేటే వచ్చింది. కొన్నది మనవాళ్లే, బ్యాంకు లోనుతో. ఇల్లు చూపించిన రోజుల్లో ఫొటో గోడ మీదే ఉంది. సున్నం కొట్టేటప్పుడు మాత్రం దించి, గుడ్డతో తుడిచి మళ్లీ తగిలించారు.

ఇప్పుడది ఒంగోలులో కొడుకు వెతుక్కున్న అద్దె ఇంట్లో, ఇంకా విప్పని సామాన్ల మూటలో ఉంది. అడ్వాన్సు తీసుకునే ముందు ఆ ఇంటి ఓనరు అడిగిన మొదటి ప్రశ్న, "మీరేమిట్లు?"