గెంటేస్తే ఎక్కడికి పోవాలి?

ఇల్లు లేనివాళ్లంటే ఎవరు? బస్టాండులో, గుడి ముందు పడుకునే వాళ్లు కంటికి కనిపిస్తారు. కనిపించని వాళ్లు ఇంకా ఉన్నారు. మొగుడు తన్ని తరిమేస్తే అక్క ఇంటి వసారాలో పడుకునే ఆమె. మొగుడు చనిపోయాక అత్తింటివాళ్లు పొమ్మంటే, పాచిపని చేసే ఇంట్లోనే తలదాచుకునే ఆమె. వీళ్లకూ ఇల్లు లేదు.

2011 జనాభా లెక్కలప్పుడు, ఫిబ్రవరి 28 రాత్రి, దేశమంతటా ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. కప్పు కింద లేనివాళ్లనే ఈ లెక్కలో రాసుకున్నారు. వసారాలో పడుకున్నామె నెత్తిన కప్పు ఉంది కదా! ఆమె ఇందులోకి రాదు. రోడ్డు మీద బతికే ఆడవాళ్లు కూడా చీకటి పడితే ఎవరి కంటా పడకుండా దాక్కుంటారు. భయం అలాంటిది. లెక్కలో లేని మనిషికి పథకం ఎలా అందుతుంది?

ఇల్లు మొగుడి పేరున ఉంటుంది. లేదంటే మామ పేరున ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆ ఇల్లు అలికినా, పునాదికి మట్టి మోసినా, కాగితం మీద ఆమె పేరు ఉండదు. "నా ఇంట్లోంచి పో" అనడానికి నిమిషం చాలు. పుట్టింటికి పోతే "సర్దుకుపో తల్లీ" అంటారు. ఊళ్లోవాళ్లు "గడప దాటింది" అంటారు. ఆమె దాటలేదు. దాటించారు.

2005లో గృహహింస చట్టం వచ్చింది. 2006 అక్టోబరు నుంచి అమలవుతోంది. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని ఈ చట్టం చెబుతుంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా సరే. భార్యే కాదు, ఆ ఇంట్లో బతికిన తల్లి, చెల్లెలు, భర్త పోయిన కోడలు కూడా ఈ హక్కు అడగవచ్చు. ఆమెను వెళ్లగొట్టవద్దని కోర్టు ఆర్డరు ఇవ్వగలదు. కొట్టేవాణ్ణే బయటికి పొమ్మనగలదు. వేరే ఇల్లు చూపించమని, అద్దె కట్టమని కూడా చెప్పగలదు.

"ఇల్లు మా నాన్నది, దానికేం హక్కు?" అనే మగవాళ్లు ఉన్నారు. 2020లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఇల్లు అత్తమామలదైనా, కోడలు అక్కడ కాపురం చేసి ఉంటే ఉండే హక్కు అడగవచ్చు. అయితే ఒక సంగతి. ఇది ఉండే హక్కే. దీంతో ఇల్లు ఆమె సొంతం అయిపోదు.

కోర్టు సంగతి సరే, ఈ రాత్రి ఎక్కడ? 181కి ఫోన్ చేయవచ్చు. సఖి కేంద్రంలో చిన్నపిల్లలతో కొద్ది రోజులు ఉండవచ్చు. వైద్యం, పోలీసు సాయం అక్కడి నుంచే ఇప్పిస్తారు. రక్షణ అధికారి అర్జీ రాసి కోర్టుకు పంపుతారు. ఆడవాళ్లకు, ఉన్నవాళ్లైనా లేనివాళ్లైనా, సర్కారు ఖర్చుతో లాయరును ఇస్తారు.

ఇరుగుపొరుగు చేయగల పని కూడా ఉంది. అర్ధరాత్రి తలుపు తడితే తీయడం. ముద్ద అన్నం పెట్టడం. "నువ్వేం చేశావు?" అని అడగకుండా ఉండటం. తెల్లారాక ఇద్దరు తోడు వెళ్లడం. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల కాగితాలు ఆ ఇంట్లోనే ఉండిపోతాయి. అవి లేకపోతే ఏ ఆఫీసులోనూ పని జరగదు. జిరాక్సులు ముందే సంఘం పెట్టెలో దాచుకుంటే మేలు.

2010లో సుప్రీంకోర్టు, పెద్ద పట్టణాల్లో లక్ష మందికి ఒక షెల్టరు చొప్పున, రాత్రీ పగలూ తెరిచి ఉంచాలంది. 2013లో కేంద్రం రాసిన నియమాల్లో ఆడవాళ్లకు వేరే షెల్టర్లు ఉండాలని ఉంది. మున్సిపాలిటీని అడగవలసినవి ఇవే. పట్టణంలో మూడు లక్షల మంది ఉంటే మూడు షెల్టర్లు ఉన్నాయా? ఆడవాళ్లకు వేరేగా ఉందా? తలుపుకు గడియ, లోపల దీపం, మరుగుదొడ్డి ఉన్నాయా? ఒక్కతే పోతే గుమాస్తా రేపు రమ్మంటాడు. పదిమంది పోతే కుర్చీ వేస్తాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, అక్షరాలు దిద్దుతూనే, సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇక పట్టా సంగతి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పట్టణాల్లో ఇచ్చే ఇల్లు ఇంటి ఆడమనిషి పేరున గాని, ఇద్దరి పేరున గాని ఉండాలని నియమం. కాగితం చేతికి రాగానే పేరు ఉన్న చోట వేలు పెట్టి చదువుకోవాలి. ఆయన పేరు ఒక్కటే ఉంటే, సంతకం పెట్టకముందే ఆఫీసులో అడగాలి.