బాక్స్ మీద 1500, స్క్రీన్ మీద 1190: ఫ్యాన్ నిజంగా పాడైందా?

మే రెండో వారం, రాత్రి పదకొండున్నర. విజయవాడ నుంచి మా తమ్ముడి ఫోన్. "అన్నా, సీపీయూ ఫ్యాన్ డూప్లికేట్ అనుకుంటా. బాక్స్ మీద 1500 ఆర్‌పీఎం అని ఉంది, ఇది 1190 దాటి చావట్లేదు."

వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఏసీ లేని గది, ఆదివారానికి ఇచ్చి తీరాల్సిన వీడియో, గంటన్నరలో అవ్వాల్సిన రెండర్ రెండు గంటలు దాటుతోంది. ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్. దానికి ఏఎండీ పెట్టిన గరిష్ఠ టెంపరేచర్ 95 డిగ్రీలు. వాడు పంపిన స్క్రీన్‌షాట్‌లో సరిగ్గా 95 దగ్గరే కూర్చుంది. అంటే అంతకు మించి వేడెక్కకుండా ప్రాసెసర్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటోందన్నమాట. ఆ పీసీ రెండేళ్ల కింద అసెంబుల్ చేసింది నేనే. నిద్రమత్తులో "సరే, కొత్త ఫ్యాన్ ఆర్డర్ పెట్టేయ్" అనేశా.

రెండ్రోజుల్లో కొత్తది వచ్చింది. వాడే బిగించాడు. 1185.

రెండు వేర్వేరు ఫ్యాన్లు ఒకే అంకె దగ్గర ఆగాయంటే తప్పు ఫ్యాన్లది అయ్యే ఛాన్స్ చాలా తక్కువ. ఈ సంగతి డబ్బులు ఖర్చు పెట్టించక ముందే నాకు తట్టాల్సింది. ఇక అప్పుడు కూర్చుని వరుసగా చెక్ చేయడం మొదలుపెట్టా.

బాక్స్ మీద అంకెకి అర్థం ఏంటి?

ఆ 1500 అనేది ఫ్యాన్‌కి పూర్తి 12 వోల్టులు అంది, "ఫుల్లుగా తిరుగు" అని ఆర్డర్ కూడా వస్తే చేరే స్పీడ్. రోజూ తిరిగే స్పీడ్ కాదు. పైగా అది కచ్చితమైన అంకె కూడా కాదు. నాక్టువా లాంటి కంపెనీలు స్పెసిఫికేషన్‌లోనే 10 శాతం అటూ ఇటూ అని రాస్తాయి. అంటే 1350 నుంచి 1650 మధ్య ఏది వచ్చినా 1500 ఫ్యాన్ కిందే లెక్క. మీకు 1400 చూపిస్తుంటే వారంటీ ఫారం నింపే పని పెట్టుకోకండి.

అసలు అడగాల్సిన మొదటి ప్రశ్న: నెమ్మదిగా తిరగమని దానికి ఎవరు చెప్తున్నారు? చాలాసార్లు మదర్‌బోర్డే. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ అని ఉంటుంది. ఏసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్ అంటారు, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్. ప్రాసెసర్ 40 డిగ్రీల దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్ 600తో తిరుగుతోందంటే అది చేయాల్సిన పనే చేస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లయితే లోడ్ లేనప్పుడు పూర్తిగా ఆగిపోతాయి కూడా. అది చూసి కంగారుపడి మెసేజ్‌లు పెట్టేవాళ్లు నాకు నెలకొకరైనా తగుల్తారు.

అందుకే టెస్ట్ ఒక్కటే. బయోస్‌లో ఆ ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌కి పెట్టి, ఒక నిమిషం ఆగి రీడింగ్ చూడండి. విండోస్‌లో చూడాలంటే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో చాలు. 10 శాతం తేడాలోపు వచ్చిందా, ఫ్యాన్ బాగానే ఉంది, కర్వ్ మార్చుకోండి. మా వాడి పీసీలో ఫుల్ స్పీడ్ పెట్టినా 1190 దగ్గరే ఆగింది కాబట్టి కర్వ్ మీద అనుమానం పోయింది.

పిన్నులు, పల్సులు

తర్వాత చూసింది కనెక్టర్. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కి 12 వోల్టులు ఎప్పుడూ అలాగే అందుతుంటాయి. స్పీడ్ ఎంతో చెప్పేది నాలుగో వైరులో వచ్చే పీడబ్ల్యూఎం సిగ్నల్. ఇంటెల్ స్పెసిఫికేషన్ ప్రకారం సెకనుకి 25 వేల సార్లు ఆన్-ఆఫ్ అయ్యే సిగ్నల్ అది. మూడు పిన్నుల ఫ్యాన్‌కి ఆ వైరే ఉండదు కాబట్టి బోర్డు వోల్టేజీనే తగ్గిస్తుంది, దీన్నే డీసీ మోడ్ అంటారు. ఈ రెండూ తారుమారైతే తంటా. మూడు పిన్నుల ఫ్యాన్‌ని పీడబ్ల్యూఎం మోడ్‌లో పెడితే ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌తో హోరెత్తిస్తుంది. నాలుగు పిన్నులదాన్ని డీసీ మోడ్‌లో పెడితే తక్కువ వోల్టేజీ దగ్గర నీరసపడుతుంది, ఒక్కోసారి స్టార్టే అవదు. ఆటో అని వదిలేస్తే కొన్ని బోర్డులు తప్పుగా గుర్తుపడతాయి, మీరే సెలెక్ట్ చేయడం మేలు. అయితే ఏ మోడ్‌లో ఉన్నా 100 శాతం పెడితే 12 వోల్టులూ రావాలి. కాబట్టి మా కేసు ఇది కూడా కాదు.

అసలు ఆ అంకె నిజమేనా అని కూడా ఒక డౌట్ వచ్చింది. ఫ్యాన్ ఒక చుట్టు తిరిగితే మూడో పిన్ను మీద రెండు పల్సులు పంపుతుంది. సెకనుకి 50 పల్సులు వస్తే 25 చుట్లు, అంటే నిమిషానికి 1500. స్ప్లిటర్‌తో రెండు ఫ్యాన్లు కలిపి, రెండింటి పల్సులూ ఒకే వైరులోకి వెళ్తే బోర్డు పిచ్చి లెక్కలు చూపిస్తుంది. అందుకే సరైన స్ప్లిటర్లలో ఒక ఫ్యాన్‌కి ఆ పిన్ను ఉండదు, మీరు చూసేది మిగిలిన ఒక్క ఫ్యాన్ స్పీడే. మా వాడి దగ్గర స్ప్లిటరే లేదు.

బేరింగ్‌లో ఆయిల్ ఎండిపోయినా స్పీడ్ పడిపోతుంది. పవర్ తీసేసి వేలితో తిప్పితే తెలుస్తుంది, నాలుగు చుట్లు మెత్తగా తిరిగి ఆగాలి. గరగరమంటూ టక్కున ఆగితే దాని పని అయిపోయినట్టే. కానీ ఇక్కడ కొత్త ఫ్యాన్‌కీ అదే రోగం.

ఇక మిగిలింది మధ్యలో వైరు. వీడియో కాల్ చేసి, "ఫ్యాన్ దగ్గర్నుంచి బోర్డు దాకా వైరు మొత్తం చూపించరా" అన్నా. కూలర్ వెనకాల నల్లటి చిన్న వైరు, దాని మధ్యలో ఉబ్బెత్తుగా ఒక గడ్డ.

"ఇది నువ్వు పెట్టిన ఎక్స్‌టెన్షనే కదన్నా."

ఎక్స్‌టెన్షన్ కాదు. ఫ్యాన్ సౌండ్ తగ్గించడానికి బాక్స్‌లో ఇచ్చే లో-నాయిస్ అడాప్టర్. ఆ గడ్డలో ఒక రెసిస్టర్ ఉంటుంది, 12 వోల్టుల్లో కొంత అదే మింగేస్తుంది. నాక్టువా ఎన్ఎఫ్-ఎఫ్12తో ఇచ్చే అలాంటి వైరు 1500 స్పీడ్‌ని 1200కి దించుతుందని కంపెనీయే చెప్తుంది. మా 1190కి అర్థం అప్పుడు తెలిసింది. రెండేళ్ల కింద వైరు పొట్టిగా ఉందని బాక్స్‌లో చేతికందింది తగిలించింది నేనే. కొత్త ఫ్యాన్‌ని కూడా వాడు బుద్ధిగా దానికే గుచ్చాడు. అది పీకేసి, వైరుని కూలర్ పక్కనుంచి తిప్పి నేరుగా బోర్డుకి పెడితే 1470.

ఆ అడాప్టర్‌ని తిట్టాల్సిన పని లేదు. స్పీడ్ 20 శాతం తగ్గితే గాలి కూడా దాదాపు అంతే తగ్గుతుంది, సౌండ్ మాత్రం 5 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. ఏసీ గదిలో మంచి బేరమే. మే నెల బెజవాడలో మాత్రం కాదు.

ఇక రిజల్ట్. అదే రెండర్ మళ్లీ నడిపితే 95 కాస్తా 92 అయింది. అంతే! వారం రోజులు కొట్టుకుంది మూడు డిగ్రీల కోసమా అనిపించింది. అప్పుడు హీట్‌సింక్ రేకుల మధ్య పేరుకున్న దుమ్ము చూపించాడు, దుప్పటిలా ఉంది. ఫ్యాన్ ఎంత స్పీడ్‌గా తిరిగినా గాలి దూరే సందు ఉండాలి కదా. బ్రష్‌తో దులిపి, బ్లోయర్ కొట్టించా. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, గాలి ఉరవడికి ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. దులిపాక 86. రెండర్ మళ్లీ గంటన్నరకి వచ్చింది.

వీడియో శనివారం రాత్రికే ఇచ్చేశాడు. పాత ఫ్యాన్‌ని కేబినెట్ వెనక ఎగ్జాస్ట్‌గా పెట్టించా, 1460తో బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఆ అడాప్టర్ వైరు మాత్రం ఫ్రేమ్ కట్టించి నా పుట్టినరోజుకి పంపిస్తానంటున్నాడు వెధవ.