మడ అడవి బురదలో కొత్త బ్యాక్టీరియా: కొత్తదని ఎలా తేలుస్తారు?

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు చూసి వచ్చిన కుటుంబాలకు అక్కడి నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన గుర్తుండే ఉంటాయి. ఆ వాసన బ్యాక్టీరియా పనే. బురద లోపలికి ఆక్సిజన్ అందదు. అక్కడి కొన్ని బ్యాక్టీరియా దానికి బదులు సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. అది ఇనుముతో కలిసినప్పుడు బురద నల్లబడుతుంది.

ఆ వాయువునే వాడుకుని బతికేవీ ఉన్నాయి. గోవా మడ అడవుల మట్టి నుంచి అలాంటి ఒక బ్యాక్టీరియాను హైదరాబాద్ పరిశోధకులు వేరుచేశారు. జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి 2005లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు. పేరు మారిక్రొమేషియం ఇండికం. 'మారి' సముద్రాన్ని, 'క్రొమా' రంగును, 'ఇండికం' మన దేశాన్ని సూచిస్తాయి. ఇది ఊదారంగు గంధక బ్యాక్టీరియా. మొక్కల్లాగే వెలుతురు నుంచి శక్తి పొందుతుంది కానీ ఆక్సిజన్‌ను మాత్రం విడుదల చేయదు.

కొత్తదని చెప్పాలంటే

మొదటి పని వేరుచేయడం. చిటికెడు బురదలో లెక్కలేనన్ని రకాలు కలిసి ఉంటాయి. కావలసిన రకానికి నచ్చే ఆహారం, ఉప్పు, వెలుతురు అందించి, ఒకే రకం మిగిలే దాకా మళ్లీ మళ్లీ పెంచుతారు.

రెండోది పోల్చడం. మైక్రోస్కోప్‌లో చాలా బ్యాక్టీరియా కడ్డీల్లాగానో గుండ్రంగానో ఒకేలా కనిపిస్తాయి. అందుకే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ అనే జన్యువును చదువుతారు. ఇది అన్ని బ్యాక్టీరియాలోనూ ఉంటుంది, చాలా నెమ్మదిగా మారుతుంది, పొడవు దాదాపు 1,500 అక్షరాలు. తెలిసిన జాతులతో పోలిక సుమారు 98.7 శాతం కన్నా తక్కువైతే కొత్త జాతి అయ్యే అవకాశం ఎక్కువ. అంతకన్నా ఎక్కువ పోలిక ఉన్నా రెండూ ఒకటేనని చెప్పలేం. అప్పుడు మొత్తం జన్యుక్రమాన్ని పోలుస్తారు. అందులో సగటు పోలిక 95 శాతానికి తగ్గితే వేరే జాతిగా భావిస్తారు.

మూడోది గుణాలు చూడటం. ఏం తింటుంది, ఎంత ఉప్పును, ఎంత వేడిని తట్టుకుంటుంది, కణంలోని కొవ్వులు, రంగు పదార్థాలు ఏమిటి అన్నవి పరీక్షిస్తారు.

చివరిది అందరికీ అందుబాటులో ఉంచడం. పేరు పెట్టి, వివరాలు ప్రచురిస్తే సరిపోదు. సజీవ నమూనాను కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని సూక్ష్మజీవుల భాండాగారాల్లో భద్రపరచాలి. మన దేశంలో చండీగఢ్‌లో అలాంటిది ఉంది. అనుమానం వచ్చిన మరో శాస్త్రవేత్త ఆ నమూనాను తెప్పించుకుని సరిచూసుకోవచ్చు.

పరీక్ష కోసం వర్గీకరణ పట్టికను బట్టీ పట్టే పిల్లలకు ఈ చివరి మెట్టు తెలియడం చాలా అవసరం. పట్టికలోని ప్రతి పేరు వెనుక ఇతరులు సరిచూడగల రుజువు ఉండాలి. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఆ పాఠం అప్పజెప్పినప్పుడు "ఇది వాళ్లకెలా తెలిసింది?" అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

ఇంట్లో చేసి చూడండి

రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880లలో రూపొందించిన ప్రయోగం ఇది. పెద్దలు దగ్గరుండి చేయించాలి.

• చెరువు బురదలో చింపిన న్యూస్‌పేపర్ ముక్కలు, ఒక చెంచా ఉడికిన గుడ్డు పచ్చసొన కలపండి.
• పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతు నింపి, పైన కొంచెం చెరువు నీళ్లు పోయండి. మూత వదులుగా పెట్టండి.
• గాలి ఆడే చోట, వెలుతురు పడే కిటికీ దగ్గర ఉంచండి. వాసన చూడొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి.

వారాలు గడిచేకొద్దీ నలుపు, ఆకుపచ్చ, ఊదా మచ్చలు కనిపించవచ్చు. ప్రతి ఆదివారం ఫొటో తీసి తేదీ రాయించండి. ఊదా మచ్చ కనిపిస్తే అది గోవా బ్యాక్టీరియాకు చుట్టమే కావచ్చు. రంగు చూసి ఏ జాతో మాత్రం చెప్పలేం. ఎందుకు చెప్పలేమో మీ పిల్లలే మీకు వివరిస్తారు.