ఉలకదు... పలకదు!

నిన్న రాత్రి పదకొండింటిదాకా చక్కగా పనిచేసింది. తెల్లారి బటన్ నొక్కితే ఫ్యాను తిరగలేదు, లైటు వెలగలేదు. గట్టిగా నొక్కారు. పట్టి నొక్కారు. డబ్బా పక్కన ఓ దెబ్బ కూడా వేశారు. అయినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక ఇంట్లో తలా ఒక మాట. 'మదర్‌బోర్డు పోయిందంతే' అంటాడు అబ్బాయి. 'రాత్రీ పగలూ ఆటలాడి కాల్చేశావు' అంటుంది అమ్మ. 'ఎంతవుతుందో' అని నాన్న లెక్కలేస్తుంటాడు. నిజానికి అప్పటికి ఎవరికీ ఏమీ తెలియదు. ఏమీ తెలియకుండానే డబ్బు ఖర్చవడం మొదలయ్యేది మాత్రం సరిగ్గా అక్కడే!

కంప్యూటర్ ఆన్ కాలేదంటే అది చచ్చిపోయిందని కాదు. గోడలోని ప్లగ్గు నుంచి ప్రాసెసర్ దాకా కరెంటు నడిచే దారిలో ఎక్కడో ఒకచోట ఆగిందని. ఆ చోటేదో తెలిస్తే కొన్నిసార్లు పైసా ఖర్చుండదు. తెలియకపోతే బాగున్న మదర్‌బోర్డును మార్చి, పాడైన తీగను అలాగే ఉంచేస్తాం.

ఒక డబ్బా... పది బిల్లులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ పేరు వినని కంప్యూటర్ ప్రియులు మన దగ్గర అరుదు. అందరూ 'సీటీసీ' అనే పిలుస్తారు. మెట్లెక్కి దిగుతూ, దుకాణం దుకాణం తిరుగుతూ, ఒకచోట ప్రాసెసర్, మరోచోట మదర్‌బోర్డు, ఇంకోచోట క్యాబినెట్ బేరమాడి ఇంటికి తెచ్చి బిగించుకున్న కుటుంబాలు ఎన్నో. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఇంజినీరింగ్‌లో చేరిన ప్రతి పిల్లవాడికీ ఇంట్లో కంప్యూటర్ ఉండాలన్న ఆశ పెరిగింది. కంపెనీ కంప్యూటర్ ధర అందనివాళ్లకు 'అసెంబుల్డ్' దిక్కయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు వచ్చినా వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, గేమ్‌లాడే కుర్రాళ్లు ఇంకా సొంతంగానే బిగించుకుంటున్నారు.

ఇందులో లాభముంది, ఒక చిక్కూ ఉంది. కంపెనీ కంప్యూటర్ పాడైతే ఒక్కరికి చెబితే చాలు. సొంతంగా బిగించుకున్నదానికి ఏ భాగం వారంటీ ఆ భాగానిదే. మదర్‌బోర్డు వాళ్లు 'ఎస్సెంపీఎస్ చూపించుకోండి' అంటారు. ఎస్సెంపీఎస్ వాళ్లు 'మాది బాగానే ఉంది, బోర్డు చూసుకోండి' అంటారు. తప్పు ఏ భాగానిదో తేల్చాల్సిన బాధ్యత చివరికి కొన్నవాళ్ల మీదే పడుతుంది. అందుకే రోగం కనిపెట్టడం నేర్చుకోవడం సరదా కాదు, అవసరం. కరీంనగర్ నుంచి 160 కిలోమీటర్లు బస్సులో డబ్బా మోసుకొచ్చి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగేవాళ్లకు మరీ అవసరం.

ముందు గోడ దగ్గర

డబ్బా మూత విప్పే ముందు గోడ దగ్గరికెళ్లండి. అదే ప్లగ్గులో టేబుల్ ఫ్యానో, ఫోన్ ఛార్జరో పెట్టి చూడండి. మధ్యలో యూపీఎస్, స్పైక్ బస్టర్ ఉంటే వాటిని పక్కనపెట్టి కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించండి. బ్యాటరీ అయిపోయిన యూపీఎస్ చేసిన పాపం కంప్యూటర్ మీదికొచ్చిన సందర్భాలు బోలెడు.

తర్వాత పవర్ తీగ. చాలా మానిటర్లకూ కంప్యూటర్‌కూ వాడే తీగ ఒకే రకం. మానిటర్ తీగ తెచ్చి దీనికి పెట్టండి. ఖర్చు లేని పరీక్ష ఇది. డబ్బా వెనక చిన్న స్విచ్ ఉంటుంది. నిలువు గీత వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ అయిపోవచ్చు. బాగా పాత ఎస్సెంపీఎస్‌లలో 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. మన కరెంటు 230 వోల్టులు. అది 115 మీదుంటే అస్సలు ప్లగ్గు పెట్టకండి, ఢామ్మని పేలిపోతుంది.

ఇవన్నీ బాగుంటే ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. మంత్రంలా కనిపిస్తుంది కానీ మంత్రం కాదు. వోల్టేజీ ఎగిరినప్పుడు ఎస్సెంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుపోతుంది. చాలావాటిలో గోడ కరెంటు పూర్తిగా తీసేస్తేగానీ ఆ తాళం విడదు.

బటన్ చేసేది విన్నపమే!

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. అంతకుముందు కంప్యూటర్ స్విచ్ కూడా బల్బు స్విచ్ లాంటిదే. నేరుగా కరెంటును కలిపేది, తెంపేది. ఏటీఎక్స్‌లో అలా కాదు. బటన్ నొక్కితే 'లేవాలి' అని మదర్‌బోర్డుకు కబురు వెళుతుంది. బోర్డు ఎస్సెంపీఎస్‌ను లేపుతుంది. ఎస్సెంపీఎస్ తన వోల్టేజీలు కుదురుకున్నాక 'అంతా సవ్యం' అని తిరుగు కబురు పంపుతుంది. అప్పుడుగానీ ప్రాసెసర్ కదలదు.

ఈ కబురు వినాలంటే బోర్డు మెలకువగా ఉండాలిగా! అందుకే గోడ స్విచ్ వేసినంతసేపూ ఎస్సెంపీఎస్ ఊదారంగు తీగలో 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. చాలా బోర్డుల మీద దీనికి గుర్తుగా చిన్న లైటుంటుంది. అది వెలుగుతోందంటే కరెంటు బోర్డు దాకా వచ్చినట్టే. అలాంటి లైటున్న బోర్డు మీద అది వెలగలేదంటే అనుమానం ముందు ఎస్సెంపీఎస్ మీద.

లైటుంది, బటన్‌కు మాత్రం చలనం లేదా? బటనే పాడై ఉండొచ్చు. డబ్బా ముందు నుంచి వచ్చే సన్నని తీగల్లో పవర్ స్విచ్ తీగను బోర్డు నుంచి తీసి, ఆ రెండు పిన్నులకు రీసెట్ బటన్ తీగ తగిలించండి. ఇప్పుడు రీసెట్ నొక్కితే కంప్యూటర్ లేచిందంటే పోయింది స్విచ్చే!

పచ్చ తీగ పరీక్ష

ఇప్పటికీ లేవకపోతే ఎస్సెంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. గోడ ప్లగ్గు తీసేయండి. ఎస్సెంపీఎస్ నుంచి బోర్డుకు, డిస్కులకు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే కనెక్టర్లన్నీ ఊడదీయండి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్లో పచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. చిన్న తీగముక్కతో దాన్నీ, పక్కనున్న నల్ల తీగనూ కలిపి, చేతులు తీశాక గోడ స్విచ్ వేయండి. ఎస్సెంపీఎస్ ఫ్యాను తిరిగితే అది లేస్తున్నట్టే. కొన్ని కొత్తరకాల్లో వేడెక్కేదాకా ఫ్యాను తిరగదు, అది గుర్తుంచుకోండి. తీగలన్నీ నల్లగానే ఉంటే ఊహించి కలపకండి. టెస్టర్ ఉన్న దుకాణంలో చూపించండి.

ఫ్యాను తిరిగినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. బరువు మోయనప్పుడు ఎవరైనా నిలబడతారు. మల్టీమీటర్ ఉంటే కొలవండి. పసుపు తీగలో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎర్రదాంట్లో 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. అనుమానం తీరకపోతే తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్సెంపీఎస్ తెచ్చి తగిలించి చూడటమే. అయితే తీగలు విడిగా వచ్చే రకమైతే ఒక కంపెనీ తీగను ఇంకో కంపెనీ ఎస్సెంపీఎస్‌కు పెట్టకండి. కనెక్టర్ కుదిరినా లోపలి వరుస వేరు కావచ్చు. డిస్కులు మాడిపోతాయి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఎస్సెంపీఎస్ డబ్బాను విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ప్రాణం తీసేంత శక్తి దానికి ఉంటుంది.

ఒక్కొక్కటీ తీసేస్తూ...

బటన్ నొక్కగానే ఫ్యాను అర చుట్టు తిరిగి టక్కున ఆగిపోతోందా? ఎక్కడో షార్ట్ ఉందని అర్థం. కొత్తగా బిగించినవాటిలో దీనికి పెద్ద కారణం బోర్డు కింద బిగించే ఇత్తడి స్టడ్లు. బోర్డులో రంధ్రం లేనిచోట ఒకటి ఎక్కువ పెడితే అది కింద తగులుతుంది. జారిపడిన చిన్న మర కూడా ఆ పనే చేస్తుంది.

దీనికి మందు, బోర్డును బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టడం. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒకే ఒక ర్యామ్, ఎస్సెంపీఎస్... ఇవి చాలు. డిస్కులు, కార్డులు, యూఎస్‌బీలు అన్నీ తీసేయండి. ఇప్పుడు లేచిందా? అయితే తప్పు తీసేసినవాటిలోనో, డబ్బాలోనో ఉంది. ప్రతిసారీ కరెంటు తీసి, ఒక్కొక్కటే కలుపుతూ రండి. ఏది కలిపితే ఆగిందో అదే దొంగ. లేవలేదా? మిగిలింది బోర్డో, ప్రాసెసరో, ఆ ర్యామో. పాత బోర్డయితే కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి. 2000ల తొలి ఏళ్లలో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతా ఉబ్బి పగిలి, లక్షల బోర్డులు మూలనపడ్డాయి.

తిరుగుతోంది... బొమ్మ రాదు

ఇది వేరే జబ్బు. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే ఎస్సెంపీఎస్‌ను తిట్టకముందు మూడు చూడండి. ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ పెట్టారా? మొదటిసారి బిగించేవాళ్లు ఎక్కువగా మరిచేది దీన్నే. మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా, బోర్డుకు పెట్టారా? ర్యామ్ 'టక్' మనేదాకా కూర్చుందా? దాన్ని తీసి, బంగారు గీతలను మెత్తని రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టడం మన మెకానిక్‌ల పాత చిట్కా. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త కంప్యూటర్ అయితే మొదటిసారి బొమ్మ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి ఆపేయకండి.

డబ్బాను ముట్టుకుంటే జిల్లుమంటోందా? చాలాసార్లు అది ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం వల్లే. పిలవాల్సింది ముందు ఎలక్ట్రీషియన్‌ని.

దుకాణానికి వెళితే

మొత్తం డబ్బా మోసుకెళ్లి 'పనిచేయట్లేదు' అనడం కంటే 'స్టాండ్‌బై లైటు వెలగట్లేదు, వేరే ఎస్సెంపీఎస్ పెడితే వెలిగింది' అని చెప్పండి. మాట విలువ మారిపోతుంది. కొన్నరోజే బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకుని ఫొటో తీసి ఉంచుకోండి. బాక్సులు పారేయకండి. వారంటీ ఉండీ తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇంకో మాట. కంప్యూటర్ లేవకపోయినా హార్డ్ డిస్కు సాధారణంగా క్షేమంగానే ఉంటుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు ఎక్కడికీ పోవు. దాన్ని తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోవచ్చు. కాబట్టి 'ఫార్మాట్ చేసేద్దాం' అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. కరెంటు రాని జబ్బుకు ఫార్మాట్ మందే కాదు!