కారుకి నైట్రస్ కిట్: బిగించే ముందు నాలుగు మాటలు

2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమా వచ్చాక నైట్రస్ అన్న మాట అమెరికాలో మన ఇళ్ళలోని కుర్రాళ్ళ నోట కూడా నానింది. మీట నొక్కితే కారు దూసుకుపోవడం మాత్రమే సినిమాలో కనబడుతుంది. దాని వెనక ఉండవలసిన జాగ్రత్తల గురించి ఈ వారం చెప్పుకుందాం. మీ అబ్బాయి అడిగితే జవాబు చెప్పడానికైనా పనికొస్తుంది.

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదండీ. దాని బరువులో 36 శాతం ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో 23 శాతమే. సిలిండర్లోని వేడికి అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. ఆక్సిజన్ పెరిగితే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, బలం వస్తుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోలు అందకపోతే వేడి హద్దు దాటి, క్షణాల్లో పిస్టన్ కరిగిపోతుంది.

‘వెట్’ కిట్ నైట్రస్‌తో పాటు పెట్రోలు కూడా చల్లుతుంది. ‘డ్రై’ కిట్‌లో అదనపు పెట్రోలు కారు ఇంజెక్టర్లే ఇవ్వాలి. ఏదైనా సరే, చిన్న జెట్‌తోనే మొదలుపెట్టాలి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి 35 నుంచి 50 హార్స్‌పవర్ చాలు. ప్రతి 50కి ఇగ్నిషన్ టైమింగ్ సుమారు 2 డిగ్రీలు వెనక్కి జరపడం వాడుక. ఒక మెట్టు చల్లటి స్పార్క్ ప్లగ్గులు, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు వాడాలి.

మీటల విషయం మా ప్రోగ్రామర్లకి సులువుగా అర్థమవుతుంది. అన్ని షరతులూ నిజమైతేనే నైట్రస్ వదలాలి: మెయిన్ స్విచ్ వేసి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉండాలి, ఇంజన్ 3000 ఆర్‌పీఎమ్ దాటి రెడ్‌లైన్‌కి లోపల ఉండాలి, పెట్రోలు ప్రెషర్ సరిగ్గా ఉండాలి. ఒక్కటి తప్పినా ఆగిపోవాలి. కాబట్టి విండో స్విచ్, ఫ్యూయల్ ప్రెషర్ స్విచ్, రిలే, ఫ్యూజ్ లేకుండా బిగించకండి.

ఇక బాటిల్. పనిచేసే ప్రెషర్ 900 నుంచి 1000 పీఎస్ఐ. ఎండలో మూసిన కారులో అది ప్రమాదకరంగా పెరుగుతుంది. ప్రెషర్ మరీ ఎక్కువైతే సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాస్ బయటికి వస్తుంది. ఆ గ్యాస్ కారు లోపలికి కాక బయటికి పోయేలా గొట్టం పెట్టాలి. బాటిల్‌ని బ్రాకెట్లతో గట్టిగా బిగించాలి. వేడి చెయ్యడానికి మంట ఎప్పుడూ వాడకూడదు, ప్రెషర్ చూసి ఆగిపోయే హీటరే వాడాలి. అయిదేళ్ళకోసారి బాటిల్‌కి ప్రెషర్ పరీక్ష చేయించాలి. ఈ గ్యాస్ పీల్చేది కాదని పిల్లలకి గట్టిగా చెప్పండి.

చివరిగా చట్టం. ఇది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. బిగించే ముందే మీ రాష్ట్రం నిబంధనలు, ఇన్సూరెన్స్ కాగితాలు, వారంటీ షరతులు చదవండి. వాడకం మాత్రం డ్రాగ్ స్ట్రిప్ మీదే. వీధిలో పక్క కారులో ఉన్నది కూడా ఎవరో ఒకరి కుటుంబమే కదా!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.